ఏ దగ్గుకు ఏ మందు? : కాసచికిత్సా నిర్ణయంలో రోగనామాల పాత్ర

దగ్గు రోగమా, రోగలక్షణమా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రాలు ఒకే సమాధానం ఇవ్వలేదు. ప్రాచీన భారతీయ వైద్యం దానిని 'కాసం' అనే పేరుతో స్వతంత్ర రోగంగా పరిగణించింది. ఆధునిక వైద్యం అనేక రోగాలకు ఉమ్మడి లక్షణంగా చూస్తుంది. ఈ భేదం పైకి సిద్ధాంతపరంగా కనిపించినా రోగి చేతికి అందే మందును నిర్ణయించేది అదే. అయితే రెండు వైద్యవిధానాలూ తమ ఉత్తమ దశల్లో ఒక పనిని సమానంగా చేశాయి. మందును ఎంచుకోవడానికి ముందు 'దగ్గు' అన్న మాటకు ఒక విశేషణాన్ని వెతికాయి. ఆ విశేషణం జారిపోయిన సందర్భాల్లో చికిత్స దారి తప్పింది. వైద్యగ్రంథాల పరిభాషను, తెలుగు ఇళ్లలోని వాడుక మాటలను, తెలుగు నేల మీద జరిగిన ఒక వైద్యపరిశోధనను కలిపి చూసినప్పుడు ఈ చరిత్ర స్పష్టమవుతుంది.

కాసానికి ఐదు పేర్లు

చరకసంహిత చికిత్సాస్థానంలో 18వ అధ్యాయం కాసచికిత్స. వాతజం, పిత్తజం, కఫజం, క్షతజం, క్షయజం అని అక్కడ కాసం ఐదు విధాలు. వాయువు కిందికి సాగే దారి మూసుకుపోయి, పైకి ఎగదన్ని ఉదానభావం పొందినప్పుడు కాసం పుడుతుందని ఆయుర్వేద సిద్ధాంతం. రోగం రాబోతున్నదనడానికి గుర్తుగా గొంతులో ధాన్యపు ముళ్లు నిండినట్లుంటుందని, దురద పుడుతుందని చరకుడు చెప్పాడు. కాసధ్వనిని సుశ్రుతుడు పగిలిన కంచుపాత్ర మోతతో పోల్చాడు. ఇవి కవిత్వం కోసం చేసిన పోలికలు కావు. శ్రవణయంత్రం లేని కాలంలో వైద్యుడి చెవే పరీక్షాసాధనం. రొమ్ము దెబ్బతిని వచ్చిన క్షతజకాసంలో రోగి పావురంలా కూజితం చేస్తాడన్న చరకుని పరిశీలనను ఈ దృష్టితోనే చదవాలి. తెలుగువారు ఉబ్బసపు ఊపిరి చప్పుడును 'పిల్లికూతలు' అన్నారు. ఆ రెండు చప్పుళ్లూ ఒకటి కాకపోవచ్చు. కాని రొమ్ములోని ధ్వనిని పరిచితమైన ప్రాణి గొంతుతో గుర్తుపట్టే పద్ధతి ఒకటే.

భేదం చెప్పి ఊరుకోవడం కాదు, ఆ భేదమే చికిత్సను నడిపిస్తుంది. పొడిగా, నొప్పితో వచ్చే వాతజకాసంలో నెయ్యి మొదలైన స్నేహద్రవ్యాలు ముఖ్యం. కఫజకాసంలో దానికి పూర్తిగా విరుద్ధమైన మార్గం: రోగి బలవంతుడైతే ముందు వమనం, ఆ తరువాత యవలతో కూడిన ఆహారం, కారం, వేడి, రూక్షగుణం గల ద్రవ్యాలు. అంటే ఒక దగ్గుకు ఔషధమైన నెయ్యి మరొక దగ్గుకు అపథ్యం. పిత్తజకాసంలో ఈ వివేచన ఇంకా సూక్ష్మమవుతుంది. కఫం పల్చగా ఉంటే తెగడను మధురద్రవ్యాలతో ఇవ్వాలి, చిక్కగా ఉంటే చేదు ద్రవ్యాలతో ఇవ్వాలి. రోగం పేరు ఒకటే, దోషం ఒకటే, మూలిక కూడా ఒకటే. కఫపు చిక్కదనాన్ని బట్టి అనుబంధ ద్రవ్యం మారింది.

సాధ్యాసాధ్య విచారణ దీనికి తోడు. మొదటి మూడు కాసాలు సాధ్యాలు. ముసలితనంలో వచ్చే కాసం యాప్యం, అంటే పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంచుకోవలసిందే. బలం క్షీణించిన రోగిలో క్షయజకాసం అసాధ్యం. నయం కాదని ముందే చెప్పగలగడం కూడా చికిత్సా నిర్ణయంలో భాగమేనన్న ఈ నిజాయితీ తరువాతి కాలపు మందుల ప్రకటనల్లో వెతికినా దొరకదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. చరకుడే సూత్రస్థానంలో ఏభై మహాకషాయాలను చెబుతూ 'కాసహరం' అనే వర్గాన్ని కూడా కూర్చాడు. ద్రాక్ష, కరక్కాయ, ఉసిరిక, పిప్పలి, కంటకారి మొదలైన పది ద్రవ్యాలు అందులో ఉన్నాయి. విశేషణం లేని దగ్గుకు విశేషణం లేని మందు అక్కడే ఉన్నది కదా అనవచ్చు. అయితే ఆ పట్టిక ద్రవ్యభాండారమే గాని మందుచీటీ కాదు. చల్లని ద్రాక్ష, వేడి చేసే పిప్పలి ఒకే వరుసలో ఉండటమే అందుకు నిదర్శనం. వాటిలో దేనిని తీయాలో చికిత్సాస్థానంలోని భేదవిచారణ చెబుతుంది.

తెలుగు వైద్యగ్రంథాలు, ఇంటి మాటలు

ఈ శాస్త్రం తెలుగు వైద్యుల చేతికి అచ్చమైన సంస్కృతంలో మాత్రమే రాలేదు. బసవరాజు రచించిన 'బసవరాజీయం' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సంస్కృత శ్లోకాల వెంట తెలుగు తాత్పర్యం నడిచే ఈ గ్రంథం 25 ప్రకరణాలది. నాడీపరీక్షకు, రసౌషధాలకు పెద్దపీట వేసిన ఈ గ్రంథాన్ని తెలుగు సాహిత్యచరిత్రకారులు శాస్త్రగ్రంథాల జాబితాలో ఒక పేరుగా మాత్రమే పేర్కొని దాటిపోవడం పరిపాటి. దాని భాషను పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు. శ్లోకంలో రోగం పేరు సంస్కృతంలో ఉన్నా, మందు నూరే చేతికి మూలిక పేరు తెలుగులోనే తెలియాలి. 'వాస' అన్నది అడ్డసరమని, 'కంటకారి' వాకుడని, 'యష్టిమధుకం' అతిమధురమని తెలియకపోతే చికిత్స శ్లోకం దగ్గరే ఆగిపోతుంది. తాత్పర్యం ఈ గ్రంథాలలో అలంకారం కాదు, మందులో ఒక దినుసు.

గ్రంథస్థ పరిభాషకు సమాంతరంగా ఇంటి పరిభాష ఒకటి ఉంది. పొడిదగ్గు, కళ్లెదగ్గు, కోరింతదగ్గు అన్న విభాగం ఏ వైద్యుడూ నేర్పినది కాదు. గొంతులోంచి వచ్చేది తెమడ అని ఒకచోట, గల్ల అని మరొకచోట అంటారు. పడిశంతో వచ్చిన దగ్గు వేరు, ఆయాసంతో కూడిన దగ్గు వేరు. వీటిలో కోరింతదగ్గు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఊపిరి తిప్పుకోనీయకుండా పొరలు పొరలుగా వచ్చి, చివర కూత పెట్టినట్లు గాలి పీల్చుకునే ఈ పిల్లల దగ్గుకు సూక్ష్మజీవి కారణమని శాస్త్రం తేల్చక ముందే తల్లులు దానికి వేరే పేరు పెట్టుకున్నారు. కారణం తెలియకుండానే భేదం తెలిసిందన్నమాట. దాని నివారణ మాత్రం టీకాతోనే సాధ్యపడింది. కంఠసర్పి, ధనుర్వాతాలతో కలిపి ఇచ్చే ఆ టీకా 1978లో ఆరంభమైన జాతీయ టీకా కార్యక్రమంలో చేరింది.

కావ్యభాషలో దగ్గుకు చోటు తక్కువ. దుఃఖంతో గొంతు పూడుకుపోయినప్పటి 'డగ్గుత్తిక' కవులకు పనికివచ్చింది గాని, రాత్రంతా నిద్రపోనీయని దగ్గు పనికిరాలేదు. దగ్గు సంగతి సామెతలకు, పెద్దమ్మల వంటింటి వైద్యానికి మిగిలింది. 'శొంఠి లేని కషాయం లేదు' అన్న సామెతను సాధారణంగా శొంఠికి ప్రశంసగా చెబుతారు. వైద్యదృష్టితో చూస్తే అందులో కొంత ఎత్తిపొడుపు కూడా ఉంది: రోగమేదైనా చేయి మొదట ఒకే డబ్బా మీదికి పోతుంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటుకం కళ్లెదగ్గుకు హితమే. గొంతు మండుతూ, పచ్చని కఫంతో, జ్వరంతో వచ్చే దగ్గుకు అదే కషాయం ఆయుర్వేదం ప్రకారమే అహితం. ఇంటివైద్యం శాస్త్రమంతటి సూక్ష్మంగా ఎప్పుడూ ఉన్నదని ఊహించుకోనక్కరలేదు.

అదే వంటింటికి దగ్గరగా ఉన్న సితోపలాది చూర్ణం వేరొక సంగతి చెబుతుంది. పటికబెల్లం 16 పాళ్లు, వెదురుప్పు 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, లవంగపట్ట 1. ప్రతి దినుసూ ముందుదానిలో సగం. లెక్క రానివారికి కూడా జ్ఞాపకం ఉండే కూర్పు ఇది. తేనె, నెయ్యి అనుపానాలు. కాని చరకసంహితలో ఈ చూర్ణం కనిపించేది కాసచికిత్సలో కాదు, 8వ అధ్యాయమైన రాజయక్ష్మ చికిత్సలో. క్షయరోగికి చెప్పిన మందు క్రమంగా అందరి దగ్గుకూ మందైంది. ప్రయోగానికి హద్దుగా ఉన్న విశేషణం జారిపోవడం అచ్చుయంత్రంతోనే మొదలు కాలేదని దీనివల్ల తెలుస్తుంది.

సీసాలోకి చేరిన దగ్గుమందు

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. ఆ రాబడి 1908లో ఆంధ్రపత్రికకు, 1924లో భారతికి ఊతమైంది. ఆధునిక తెలుగు సాహిత్యచరిత్రలో ఒక తలనొప్పి మందుకు దక్కిన స్థానం మరే మందుకూ దక్కలేదు. అదే కాలంలో మద్రాసులో దీవి గోపాలాచార్యులు ఆయుర్వేదాశ్రమం నెలకొల్పి శాస్త్రీయంగా ఔషధాలు తయారుచేయించారు. పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రుడైన ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదంవైపు మళ్లారు. 1921లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఉస్మాన్ సంఘం 1923లో ఇచ్చిన నివేదికలో దేశీయ వైద్యుల సాక్ష్యాలను ప్రాంతీయ భాషల్లోనూ చేర్చింది. ఈ పరిణామాలన్నీ దేశీయ వైద్యానికి గౌరవాన్ని, మార్కెట్‌ను తెచ్చాయి. అయితే తయారుమందుకు ఒక స్వభావం ఉంది. వైద్యుడు రోగిని చూసి మందు కలిపేటప్పుడు రోగభేదం ముందు, మందు తరువాత. సీసా మీద చీటీ అంటించేటప్పుడు మందు ముందు తయారవుతుంది, రోగి తరువాత వస్తాడు. ఆ చీటీకి 'దగ్గు' అన్న ఒక్క మాట చాలు.

ఇది దేశీయ మందులకే పరిమితమైన సంగతి కాదు. 1832లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు రోబికే నల్లమందు నుంచి కోడీన్‌ను వేరుచేశాడు. 1898లో జర్మనీకి చెందిన బేయర్ సంస్థ హెరాయిన్‌ను దగ్గుమందుగా విపణిలోకి తెచ్చింది. క్షయ, న్యుమోనియా ఇళ్లకు ఇళ్లను ఖాళీ చేస్తున్న ఆ రోజుల్లో, రోగిని నిద్రపోనిచ్చే మందు వరంగా కనిపించి ఉంటుంది. అది దగ్గును అణచింది, దగ్గించే రోగాన్ని తాకలేదు. వ్యసనకారి అని తేలిన తరువాత 1913లో ఆ సంస్థ తయారీ మానుకుంది.

అడ్డసరం కథ ఇందుకు భిన్నంగా నడిచింది. నీలగిరుల్లో ప్రభుత్వోద్యోగిగా ఉన్న డేవిడ్ హూపర్ 1888లో ఆ ఆకుల రసాయన పరిశీలనను ప్రకటించాడు. వాటిలోని ఆల్కలాయిడ్‌కు మొక్క సంస్కృతనామాన్ని బట్టి 'వాసిసిన్' అని పేరు వచ్చింది. ఆ అణువును ఆధారం చేసుకొని రూపొందిన బ్రోమ్‌హెక్సిన్ 1963లో వైద్యంలోకి వచ్చింది. అది దగ్గును అణచేది కాదు, చిక్కని కళ్లెను పల్చబరిచేది. కఫం చిక్కదనాన్ని బట్టి మందు మార్చమన్న పాత వివేచనకు ఇక్కడ రసాయనశాస్త్రం దగ్గరగా వచ్చింది. తీరా ఔషధవిపణిలో దగ్గును అణచే ద్రవ్యాన్నీ, కళ్లెను కదిలించే ద్రవ్యాన్నీ ఒకే సీసాలో కలిపిన మిశ్రమాలు కూడా వెలిశాయి. ఒకటి బయటికి తోయమంటుంది, మరొకటి ఆపమంటుంది. ఏ దగ్గో తేల్చుకోనక్కరలేకుండా అన్ని దగ్గులకూ అమ్ముకోగలగడం తప్ప ఈ కలయికకు వేరే తర్కం కనిపించదు.

దీనికి అత్యధిక మూల్యం చెల్లించినవారు పిల్లలు. 1937లో అమెరికాలో ఒక సల్ఫా ఔషధాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మగా నూరుమందికి పైగా మరణించారు. తియ్యగా ఉండే ఆ పారిశ్రామిక ద్రావకం మూత్రపిండాలను పాడుచేస్తుంది. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గుమందు తాగిన పసిపిల్లల మరణాలకూ ఇటువంటి కల్తీయే కారణమైంది. కల్తీ నేరం తయారీదారులది. అయితే ఆ పిల్లలలో ఎందరికి అసలు ఆ మందు అవసరమన్న ప్రశ్న కల్తీకంటే పాతది. పిల్లల మామూలు పడిశపు దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని భారత ఔషధ నియంత్రణ వ్యవస్థ 2023లో ఆదేశించింది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పిల్లల దగ్గుమందుల సమీక్ష గొంతుకు ఉపశమనంగా తేనెను పేర్కొన్నది. ఏడాది నిండని శిశువుకు మాత్రం తేనె ప్రమాదకరం. పాత అనుపానానికి కూడా 'ఎవరికి' అన్న ప్రశ్న తప్పలేదు.

మదనపల్లెలో తేలిన భేదం

క్షయదగ్గు తెలుగు సాహిత్యలోకానికి దూరపు సంగతి కాదు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'ను అంకితం పొందిన కొంపెల్ల జనార్దనరావు 1937లో క్షయతో చిన్నవయసులోనే మరణించాడు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. 1882లోనే కోహ్ క్షయకారక సూక్ష్మజీవిని గుర్తించినా, దానిని చంపే మందు రావడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలమంతా క్షయకు చికిత్స విశ్రాంతి, గాలి, వెలుతురు, పుష్టికరమైన తిండి. క్షయ అన్న నిర్ణయం రోగిని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఇంటికి దూరం చేసేది. ఆ పేరు పొరపాటున పడితే జరిగే నష్టం మందు వృథా కావడంతో ఆగదు.

1912లో మిషనరీ సంఘాల ఉమ్మడి పూనికతో మదనపల్లెలో ప్రారంభమై, ఆరోగ్యవరం పేరుతో స్థిరపడిన క్షయ చికిత్సాలయం దక్షిణభారతమంతటికీ ఆశాస్థానమైంది. దాని తొలి సారథి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. అక్కడికి చేరే రోగులలో కొందరి తీరు వైద్యులకు వింతగా తోచింది. రాత్రివేళ ఎడతెగని దగ్గు, పిల్లికూతలు, కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిన్నచిన్న మచ్చలు. చూడగానే క్షయ అనిపించే రూపం. కళ్లెలో మాత్రం క్షయ సూక్ష్మజీవి లేదు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు అసాధారణంగా పెరిగి ఉన్నాయి. ఫ్రిమోట్ మొల్లర్, బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఈ స్థితిని 'క్షయను పోలిన' రుగ్మతగా వర్ణించారు. క్షయరోగుల కోసమే కట్టిన చోట, క్షయ కాని దగ్గును వేరుచేసి చూపడం తేలికైన పని కాదు. అక్కడ అడుగుపెట్టిన ప్రతి దగ్గుకూ పేరు ముందే సిద్ధంగా ఉంటుంది.

1943లో వైన్‌గార్టెన్ దీనిని 'ఉష్ణమండల ఇయోసినోఫీలియా' అని పేరు పెట్టి లాన్సెట్‌లో వివరించాడు. సిఫిలిస్‌కు వాడే ఆర్సెనిక్ సూదిమందుతో ఈ దగ్గు తగ్గుతుందని ఆయన చూపాడు. కారణం తెలియకుండానే మందు దొరికింది. తరువాత బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ ఆ విషప్రాయమైన మందు స్థానాన్ని ఆక్రమించింది. 1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు ఇటువంటి రోగుల ఊపిరితిత్తులలోనే బోదకాలు జాతి సూక్ష్మక్రిములను చూపినప్పుడు గొలుసు పూర్తయింది. దోమ ద్వారా చేరిన క్రిమి రక్తంలో బయటపడకుండా ఊపిరితిత్తిలో చిక్కుకుంటే, శరీరం దానిమీద చేసే యుద్ధమే ఆ దగ్గు. బోదకాలు విస్తరించిన కోస్తా జిల్లాల తెలుగువారికి ఈ వివరణ ఎంత సన్నిహితమో వేరే చెప్పనక్కరలేదు. క్షయ అనుకుంటే నెలల చికిత్స, ఉబ్బసం అనుకుంటే జీవితకాలపు జాగ్రత్త, ఇయోసినోఫీలియా అని తేలితే మూడు వారాల మాత్రలు. చెవికి వినిపించే దగ్గు మూడింటిలోనూ ఒకటే.

క్షయ విషయంలోనూ నిర్ణయపద్ధతి మారింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ రసాయనచికిత్సా కేంద్రం, ఇంట్లో ఉండి మందులు వాడిన రోగులనూ శానిటోరియంలో ఉంచిన రోగులనూ పోల్చి, ఇంటి చికిత్స తీసిపోదని 1959లో ప్రకటించింది. ఇంటి చికిత్స సాధ్యమని తేలాక ప్రశ్న ఎవరిని పరీక్షించాలన్న దానివైపు మళ్లింది. జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం మొదట మూడు వారాల దగ్గును, 2009 నుంచి రెండు వారాల దగ్గును పరీక్షకు హద్దుగా పెట్టుకున్నది. వాతజమా, కఫజమా అన్న ప్రశ్న స్థానంలో ఎన్నాళ్లుగా అన్న ప్రశ్న వచ్చింది. విశేషణం దోషం నుంచి కాలానికి మారిందే గాని విశేషణం అవసరం తప్పలేదు. ఆ రెండు వారాలూ సీసామందుతో గడిచిపోతే క్షయరోగి పరీక్షకు చేరేది ఆలస్యమవుతుంది, ఈలోగా ఇంటిల్లిపాదికీ ఆ సూక్ష్మజీవి అందుతుంది.

ఇయోసినోఫీలియా అన్న మాట మాత్రం తెలుగులో వేరే దారి పట్టింది. ప్రయోగశాల చీటీలోని ఆ పేరు ఊళ్లలోకి వచ్చి 'ఇస్నోఫీలియా' అయింది. పొద్దున్నే వచ్చే తుమ్ములు, దుమ్ము పడక వచ్చే దగ్గు, చలికాలపు ఆయాసం అన్నిటికీ ఆ మాటే వాడుకైంది. క్షయ నుంచి ఒక దగ్గును వేరుచేయడానికి పుట్టిన పేరు, తెలుగు నోట పడి వేరుచేయనక్కరలేని దగ్గులన్నిటికీ ఉమ్మడి పేరయింది. సితోపలాది చూర్ణానికి పట్టిన గతే దీనికీ పట్టిందనాలి. దాని అసలు మందు అయిన డైఇథైల్‌కార్బమజైన్ మాత్రలను బోదకాలు నిర్మూలన కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్తలు 2004 నుంచి వ్యాధిపీడిత జిల్లాల్లో ఇంటింటికీ పంచుతూ వచ్చారు. వాటిని మింగినవారిలో అవి ఒకప్పుడు దగ్గుమందు కూడా అని ఎరిగినవారు అరుదు.